నూనె పోసిన కీబోర్డు

కీబోర్డులో ఒక స్విచ్చి ఏ రకమో తెలియాలంటే ముందు చెవి పెట్టాలి, తర్వాత వేలు, ఆఖరున కన్ను అని మా బావ అనేవాడు. బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకు కనక పెళ్లికి ముందూ అలాగే పిలిచాను, తర్వాతా మార్చలేదు. పలాస స్టేషన్ రోడ్డులో అతనికి డీటీపీ షాపు ఉండేది. తొంభైల చివర్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు ఒకటొకటిగా మూతపడుతుంటే, తను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూటు గదినే అద్దెకు తీసుకుని కంప్యూటరు పెట్టాడు. శుభలేఖలు, కరపత్రాలు, అర్జీలు, జీడిపప్పు వ్యాపారుల బిల్లు పుస్తకాలు చేసేవాడు. నేను ప్రూఫులు చూసేదాన్ని.

ఉద్దానంలో మా ఊరు సముద్రానికి దగ్గర. గాలిలో ఉప్పు ఉంటుంది. తలుపు గొళ్లాలు, సైకిలు చువ్వలు, రేడియో లోపలి తీగలు, దేన్నీ వదలదు. షాపులో వాడిన కీబోర్డు కూడా ఎక్కువ కాలం బతికేది కాదు. అలా పోయిన ప్రతి కీబోర్డునూ పారెయ్యకుండా విప్పి చూడటం బావ అలవాటు. కొత్తవాటిలో చూడ్డానికేమీ ఉండదు, ఒక రబ్బరు షీటు మీద బుడిపెలు, అంతే. పాతవాటిలో ప్రతి కీ కిందా విడిగా ఒక స్విచ్చి ఉంటుంది. అక్షరం ఉన్న టోపీ పీకితే రంగు కాడ కనిపిస్తుంది. నీలం కాడ సగం దిగగానే టిక్కుమంటుంది. నల్ల కాడ చప్పుడు చెయ్యదు గాని వేలికి ఎదురు తిరుగుతుంది. ఒకదానిలో స్ప్రింగు నిటారుగా నిలబడి ఉండి, నొక్కితే పక్కకు వంగి గోడకు కొట్టుకునేది. ఇంకొకదానిలో స్పాంజి ముక్క, దాని కింద వెండి రేకు. మా గాలికి ఆ స్పాంజి పొడిపొడిగా రాలిపోయేది.

వీటి అసలు పేర్లు చెప్పేవాళ్లు మాకెవరూ లేరు. జీడిపప్పును గుండు, బద్ద, ముక్క అని వేరుచేసే చోట పుట్టినవాడు కనక బావ వీటినీ తన లెక్కలో వేరుచేసుకున్నాడు. పలికేవి, పలకనివి, మొండివి, మెత్తనివి. కళ్లు మూసుకుని కూర్చుంటే నేను ఏదో ఒక కీ నొక్కాలి, అతను రకం చెప్పాలి. తప్పు చెప్పినా ఒప్పుకునేవాడు కాదు.

“నువ్వు సరిగ్గా నొక్కనేదే.”

“నొక్కడానికి కూడా సదువు కావాలేటి బావా?”

“కావాల. నీకు పుస్తకాల సదువే గాని సేతి సదువు నేదు.”

ఒక్క కీబోర్డు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. విశాఖపట్నంలో పాత ఇనుము కొట్లో, ఏ ఓడలోంచో ఏ ఫ్యాక్టరీలోంచో వచ్చిన సామాను మధ్య అతనికది దొరికింది. కింద దళసరి ఇనప రేకు, చాలా బరువు. తీసుకొచ్చి తగిలిస్తే పనిచేసింది. చప్పుడు లేదు, వేలికి ఎక్కడా అడ్డం తగలదు, కీ సగం దిగితే చాలు అక్షరం పడేది. ఉప్పుగాలికి మిగతావన్నీ పోతున్నా దానికి మాత్రం ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో తెలుసుకోవాలని అతనికి చాలా ఉండేది. కాని విప్పేవాడు కాదు. పనిచేస్తున్న వస్తువును విప్పకూడదని అతని నియమం.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు బావ కాళ్లు పొంగాయి. కిడ్నీలన్నారు. మా వైపు అక్షరం రాని ముసలమ్మకు కూడా క్రియాటినిన్ అన్న మాటకు నోరు తిరుగుతుంది. వీధిలో ఎదురైనవాళ్లు అన్నం తిన్నావా అన్నట్టే అది ఎంతొచ్చిందని అడుగుతారు. బావ బీడీ ముట్టలేదు, కల్లు ముట్టలేదు. ఊళ్లో అందరూ తాగిన నీళ్లే తాగాడు. పెద్దపెద్దవాళ్లు కార్లలో వచ్చి మా బావుల నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, మా మట్టి పట్టుకెళ్లారు, మా రక్తం పట్టుకెళ్లారు. కారణం తెలియలేదన్నారు. తెలిసేదాకా ఏ నీళ్లు తాగాలో మాత్రం చెప్పలేదు.

పలాసలో రైలెక్కడం, విశాఖపట్నంలో రక్తం శుభ్రం చేయించుకోవడం, మళ్లీ రైలెక్కడం, ఇదే పని అయిపోయింది. షాపు మూసి కంప్యూటరు ఇంటికి తెచ్చేశాం. అతని వేళ్ల చివర్లు మొద్దుబారాయి. రబ్బరు కీలు అడుగుదాకా నొక్కితే గాని పడవు. నాలుగు వాక్యాలు కొట్టేసరికి చెయ్యి ఒళ్లోకి జారిపోయేది. ఆ బరువు కీబోర్డు మీద మాత్రం ఆగి ఆగి పని చేసుకోగలిగేవాడు. అది ఉన్నంతవరకే తను పనిచేసే మనిషినని, తర్వాత వట్టి రోగినని ఒకసారి అన్నాడు.

బావకు ఒక అన్న. నాకు పెద్దబావ. జీడితోటలు, కొబ్బరితోటలు, పలాసలో వ్యాపారం, నలుగురిలో మాట చెల్లే మనిషి. ఆయన కూతురికి మాఘమాసంలో పెళ్లి కుదిరింది. ఆ పిల్ల చిన్నప్పుడు షాపుకొచ్చి బావ ఒళ్లో కూర్చుని కీలు నొక్కేది. నీ పెళ్లికార్డు నా చేత్తో చేస్తానని అప్పుడే మాటిచ్చాడు. పెద్దయ్యాక కూడా పిల్ల కనిపించినప్పుడల్లా గుర్తు చేసేది. కార్తీకంలో పెద్దబావ వచ్చి లగ్నం సంగతి చెప్పగానే బావ లేచి కూర్చున్నాడు.

“కార్డు నానే సేత్తానన్నా.”

“నువ్వు కాక ఇంకెవులు సేత్తార్రా? తొందరేటి నేదు. ఒంట్లో ఓపికను బట్టి సెయ్యి.”

ఆ రోజు నుంచి అతనికి ఇంకో ఆలోచన లేదు. నేను టైపు చేసి పెడతాను, నువ్వు పక్కన ఉండి చెప్పు అంటే ఒప్పుకోలేదు.

“నువ్వు కొడితే అది నీ కార్డవుతాది.”

పుష్యమాసపు చలిలో మేమిద్దరం విశాఖపట్నం వెళ్లాం. అత్త ఇంట్లో ఉండిపోయింది. అత్త పెళ్లయిన నాటి నుంచి పెరట్లో జీడిపిక్కలు కాల్చి కొట్టిన మనిషి. పిక్క పట్టుకునే ముందు చేతులకు నూనె రాసుకుని బూడిద అద్దుకోవాలి. లేకపోతే జీడి అంటుకుని తోలు ఊడిపోతుంది. చేతికైనా కత్తికైనా నూనె పెట్టకుండా ఆమె ఏ పనీ మొదలుపెట్టదు. కొడుకు వేళ్లు కీల మీద తడబడటం రోజూ చూస్తోంది. మేం తిరిగొచ్చేసరికి కీబోర్డు నిగనిగలాడుతోంది.

“ఏటి సేసినావమ్మా?”

“నూనెట్టినాన్రా. మన తోట కాయలదే, మంచి నూనె. సందుసందుకీ ఒక్కో సుక్క ఏసినాను. ఇంక సూడు, ఏలు పెట్టగానే ఎలగ జారతాదో.”

ఆ సాయంత్రం నిజంగానే జారాయి. తెల్లారేసరికి, వంటింట్లో గిన్నెలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టే కీబోర్డులోనూ గడ్డకట్టింది. నొక్కిన కీ దిగి అక్కడే ఉండిపోయింది. ఒకే అక్షరం తెర నిండా పడుతూ పోయింది.

అత్త గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. బావ ఆమెను ఒక్క మాట అనలేదు. నా వైపు తిరిగి, “మీ అత్త కీబోర్డుకి తలంటు పోసిందే. ఇంక సీకాయి నువ్వెట్టు” అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు.

పలాస నుంచి మెకానిక్కును పిలిపించాను. అతను కీబోర్డును రెండు చేతులతో ఎత్తి చూసి కింద పెట్టాడు.

“ఇది కీబోర్డా, రుబ్బురోలా మేడం? కాంటాక్టులు పోనాయి. థిన్నర్లో ముంచి తీస్తే సరి. నేదంటే పారేసి కొత్తది కొనుక్కోండి.”

“లోపల ఏ స్విచ్చి బాబూ?” అని బావ మంచం మీంచి అడిగాడు.

“స్విచ్చిలో ఏ స్విచ్చేటి సార్? స్విచ్చంటే స్విచ్చే.”

“అయితే ముట్టుకోకు.”

అతను వెళ్లాక బావ నాకు చెప్పాడు. లోపల రేకుకు రేకు తగిలే రకమైతే మధ్యలో నూనె పొర చేరుతుంది, గట్టిగా కడగాలి. అలాటిది కాకపోతే థిన్నరు అవసరమే లేదు, పైగా అది కాడల ప్లాస్టిక్కును తినేస్తుంది. రకం తెలియకుండా ఏదీ వెయ్యకూడదు. “తెలీకుండా నా ఒంట్లోకి ఏసింది సాల్దేటి?” అన్నాడు. అతను అలా మాట్లాడటం అరుదు.

పనిచేస్తున్నది కాదు కనక ఇప్పుడు విప్పొచ్చు. మధ్యాహ్నం ఎండ వచ్చాక అరుగు మీద మంచం వేయించుకున్నాడు. కీబోర్డును కాసేపు ఎండలో ఉంచితే లోపలి నూనె కరిగింది. దాన్ని అతని చెవి దగ్గర పెట్టి ఒక కీ నెమ్మదిగా నొక్కాను.

“పలకదు. గీరుకోదు. రేకుంటే గీరుకుంతాది. మళ్లీ నొక్కు.”

మళ్లీ నొక్కాను. కళ్లు మూసుకునే ఉన్నాడు. “టోపీ పీకు. సూదట్టుకురా.”

సూది దగ్గరకు పెట్టగానే నా వేళ్లలోంచి లాక్కున్నట్టు వెళ్లి కాడకు అంటుకుంది.

“ఓలమ్మో, దీనికేటి పట్టిందే?” అంది అత్త.

“దెయ్యం కాదమ్మా, అయస్కాంతం.” బావ లేవబోయి మళ్లీ పడుకున్నాడు. “అయస్కాంతమైతే రెండిట్లో ఒకటి. పక్కన సన్న గాజు గొట్టమైనా ఉండాల, సిప్పైనా ఉండాల. ఎనకాల రేకిప్పి కాళ్లెన్నో సూడు. గొట్టానికి రెండే. సిప్పుకి కరెంటు కూడా అందాల గదా, దానికి ఎక్కువుంతాయి.”

స్క్రూలు విప్పి బోర్డు తిప్పి చూశాను. ప్రతి కీ వెనకా కాళ్లు అతికిన సీసపు చుక్కలు వరసగా ఉన్నాయి.

“నాలుగు బావా.”

“సరిగ్గా సూడవే.”

“అన్నిటికీ నాలుగే.”

“అయితే సిప్పే” అన్నాడు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. కీ దిగితే అయస్కాంతం చిప్పు దగ్గరకు వస్తుంది. దగ్గరకు వచ్చిందని చిప్పుకు తెలుస్తుంది. అక్షరం పడుతుంది. ఏదీ దేనికీ తగలదు. తగిలేది లేదు కనక తుప్పు పట్టేదీ లేదు. అందుకే మా గాలి దాన్ని ఏమీ చెయ్యలేకపోయింది. నూనె కూడా కాడను పట్టుకుంది గాని లోపలి పనిని చెడగొట్టలేదు. ఎండలో కరిగించి తుడిస్తే చాలు. జబ్బు మొదలైన తర్వాత అతని ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. కీబోర్డు మీద చెయ్యి వేసి, “ఇన్నాళ్లూ సెప్పకుండా కూసున్నావు” అన్నాడు.

నాలుగు చుక్కలను బట్టి ఒక స్విచ్చి గుట్టు చెప్పగలిగినవాడు, తన ఒంట్లోకి ఏది చేరిందో తెలియకుండానే పోయాడు. తెలుసుకోవలసినవాళ్లు సీసాలు పట్టుకుని వెళ్లిపోయారు.

ఎండ కాసినంతసేపే పని జరిగేది. నేను టోపీలు పీకాను. అత్త వాటిని కుంకుడు రసంలో కడిగి గుడ్డ మీద ఆరబెట్టింది. సూదిమందులకని ఇంట్లో ఎప్పుడూ స్పిరిట్ ఉండేది. అందులో దూది ముంచి ఒక్కో కాడనూ, దాని చుట్టూ ఉన్న గాడినీ తుడిచాను. టోపీలన్నీ మళ్లీ పెట్టాక బావ ఒక్కో కీ నొక్కి చూశాడు. అన్నీ దిగాయి, అన్నీ లేచాయి. తుడిచింది తనే అన్నంత గర్వంగా అత్త చుట్టుపక్కల వాళ్లకు చెప్పుకుంది.

తర్వాత కార్డు. రోజుకు కొంచెం చొప్పున చేశాడు. రైలు ప్రయాణం చేసి వచ్చిన మర్నాడు ఏమీ చేసేవాడు కాదు. పూల అంచులు, హంసలు, పల్లకీలు వద్దన్నాడు. చుట్టూ ఒక సన్న గీత, లోపల అక్షరాలు, వాటి మధ్య కావలసినంత చోటు. పెళ్లికూతురి పేరు కొడుతున్నప్పుడు చెయ్యి ఆగిపోతే నేను ముందుకు వంగాను. వద్దన్నట్టు తల ఊపి, కాసేపు ఆగి, మిగతాది తనే కొట్టాడు. పూర్తయ్యాక కుర్చీలో వెనక్కు వాలి తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. “రేపు అన్నకి కబురెట్టు” అన్నాడు.

కబురు పెట్టే పని లేకుండా మర్నాడు పొద్దున్నే పెద్దబావ వచ్చాడు. బావ అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద కార్డు ఉంది. పెద్దబావ చేతి సంచిలోంచి ఒక కవరు తీసి తమ్ముడి చేతికిచ్చాడు. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది.

“ఇదేటన్నా?”

“కార్డురా. టెక్కలిలో సేయించీసినాం. ఒంట్లో బాగోనోడివి, నీకు శ్రమెందుకని.”

చెప్పాక ఆయన చూపు తెర మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. “బాగున్నాది” అన్నాడు.

అత్త వంటింట్లోంచి వచ్చింది. “ఆడు సేత్తానన్నాడు గదరా. నువ్వూ సెయ్యమన్నావు గదా. మరి టెక్కలెందుకెల్లినావు?”

“ఆడపిల్ల పెళ్లమ్మా. మంచీ సెడ్డా సూసుకోవాల గదా. మా ఇంట్లో ఆడోళ్లు బెంగెట్టుకున్నారు. నాకైతే అలాటియ్యేటి నేవు.”

చావుకు దగ్గరపడిన చెయ్యి శుభలేఖ మీద పడకూడదని వాళ్లనుకున్నారు. ఈలోగా బావ పోతే అన్నదమ్ముల ఇంటికి మైల, పెళ్లి ఆగిపోతుంది. ఆ భయం కూడా ఉంది. భయపడటాన్ని నేను తప్పు పట్టను, ఆడపిల్ల తండ్రి. కాని కార్తీకంలోనే వద్దనొచ్చు. ఎలాగూ చెయ్యలేడని అనుకుని ఊ అన్నాడు. ఆ ఊ మీద ఒక మనిషి తన మిగిలిన ఓపికంతా పెట్టాడు.

బావ కార్డు తిప్పి చూశాడు. “భోజనాలు ఎవులికిచ్చినావన్నా?” అని అడిగాడు. పెద్దబావకు ప్రాణం లేచొచ్చినట్టయింది. వంటవాళ్ల గురించి, మండపం గురించి చాలాసేపు చెప్పాడు. లేచేటప్పుడు తమ్ముడి భుజం తట్టి, “నువ్వు ఆ జనంలో పడి రావొద్దురా. ఇంటికాడే ఉండి ఆ పిల్లని దీవించు, సాలు” అన్నాడు. నా వైపు తిరిగి, “నువ్వు రామ్మా” అన్నాడు.

“అలగేనన్నా” అన్నాడు బావ.

ఆ తర్వాత అతను కంప్యూటరు ముందు కూర్చోలేదు. ఏదైనా కొట్టు బావా, అర్జీలకు మనుషులు వస్తున్నారు అంటే, “నువ్వు కొట్టీవే” అనేవాడు. పెళ్లికి నేను వెళ్లనన్నాను. బలవంతంగా పంపించాడు.

“నువ్వెల్లకపోతే నాకు కోపమొచ్చి ఆపీసినానంతారు. పిల్ల బాధపడతాది.”

పలాసలో కల్యాణ మండపం. పెళ్లికూతురి గదిలోకి వెళ్లాను. జడ వేస్తున్నవాళ్ల చేతుల్లోంచి తల తిప్పి పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

“పిన్నీ, సిన్నాన్న నా కార్డు సేత్తానని ఎందుకు సెయ్యనేదు? నాన్ననడిగితే, నా వల్ల కాదని సిన్నాన్నే కబురెట్టినాడన్నాడు. నామీద కోపమేటి?”

పెద్దబావ కొత్త పంచె కట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. విన్నాడు. బాజాలవాళ్లను కేకేస్తూ అటు వెళ్లిపోయాడు. పిల్ల నా ముఖంలోకి చూస్తోంది. అవతల పంతులుగారు తొందరపెడుతున్నారు.

“కోపమెందుకమ్మా? ఓపిక నేదు సిన్నాన్నకి” అన్నాను.

“అంతేనా? హమ్మయ్య” అంది. ముఖం తేటపడింది. జడవాళ్లకు మళ్లీ తల అప్పజెప్పింది.

మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. బావ మేలుకునే ఉన్నాడు. పిల్ల ఏ చీర కట్టింది, పెళ్లికొడుకు ఎలాగున్నాడు, పప్పులో జీడిపప్పు వేశారా అని అన్నీ అడిగాడు. ఆఖరున అడిగాడు.

“కార్డు గురించి పిల్ల ఏటైనా అన్నాదా?”

నిజం చెబితే, తను చేతులెత్తేశానని కబురు పెట్టినట్టు అన్న చెప్పుకున్న సంగతి చెప్పాలి.

“ఏటీ అననేదు బావా.”

“మర్సిపోయుంతాది” అన్నాడు. “సిన్నప్పటి మాట గదా.”

ఉగాది రాకుండానే పోయాడు. పిల్ల చివరిదాకా తన మాట తలుచుకుందని అతనికి తెలియదు. చిన్నాన్న మాట నిలబెట్టుకున్నాడని ఆ పిల్లకు తెలియదు. వాళ్లిద్దరితో నేనన్న రెండు మాటలూ పెద్దబావకే పనికొచ్చాయి.

పెద్దకర్మ కార్డుల కోసం ఆయన మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, కండువాతో ముఖం తుడుచుకుని అన్నాడు.

“ఇంట్లో కంప్యూటరుంది గదమ్మా. తమ్ముడి సేతి కింద పనిసేసిందే. నువ్వు కొట్టీగలవా?”

ఈ కార్డుకు మా ఇల్లు పనికొచ్చింది.

“టెక్కలెల్లండి పెద్దబావా” అన్నాను.

ఆయన కాసేపు కూర్చుని, అత్త తెచ్చిన మంచినీళ్లు తాగి, లేచి వెళ్లాడు.